తెగిన నరమునకు పందిరి

ఇరువది యేండ్ల క్రిందటి మాట. మా మేనల్లునికి అప్పుడు తొమ్మిదేండ్లు. ఆటలో కిటికీ అద్దము పగిలి, వాని కుడిచేతి మణికట్టుకు చిటికెనవ్రేలి వైపున లోతుగా దిగినది. దగ్గఱనున్న వైద్యాలయమునకు తీసికొనిపోయిరి. నెత్తురు ఆగినది, చర్మమునకు నాలుగు కుట్లు పడినవి, పదవనాడు కుట్లు విప్పిరి. గాయము చక్కగా మానినదని అందఱమును సంతోషించితిమి. “వ్రేళ్లకు స్పర్శ తెలియుచున్నదా?” అని ఆ బాలుని ఎవ్వరును అడుగలేదు. అడుగవలెనని మాకును తోచలేదు. నెల దాటిన పిమ్మట ఒకనాటి సాయంకాలము వాడు వేడిపాల గ్లాసు పట్టుకొని త్రాగుచుండగా మా చెల్లెలు చూచి కేక వేసినది. గ్లాసునకు ఆనుకొన్న చిటికెనవ్రేలు ఎఱ్ఱబారి బొబ్బ లేచుచున్నది. వానికి తెలియనే తెలియదు.

మానినది పైచర్మమే. దాని క్రింద ముంజేతినుండి అరచేతిలోనికి పోవు నరము పూర్తిగా తెగి, రెండు కొసలును ఎడమై, నడుమ ఖాళీ మిగిలినది. మోచేయి గోడకు తగిలినప్పుడు చిటికెనవ్రేలి వఱకు జివ్వుమని ప్రాకునే, ఆ నరమే యిది. ఇట్టి నరము తెగినప్పుడు లోపల ఏమి జరుగును, దానిని కలుపుటకు వైద్యులు ఏయే యత్నములు చేసిరి, ఇటీవల తఱచుగా వినబడుచున్న కరిగిపోవు గొట్టముల సంగతి యేమి అను విషయములను ఈ ప్రసంగములో ముచ్చటింతును. మెదడు, వెన్నుపాముల గాయములు వేఱు. వాని జోలికి ఒక్కమాఱు మాత్రమే పోవుదును.

నరమును టెలిఫోను తీగతో పోల్చుట పరిపాటి. వార్తను కొనిపోవుట వఱకు ఆ పోలిక బాగుగనే యున్నది. తెగినప్పుడు మాత్రము మోసము చేయును. తీగ తెగినచో రెండు కొసలను మెలివేసి చుట్టిన చాలును, గంట మ్రోగును. నరము అట్టిది కాదు. నరమనగా వేలకొలది తంతువుల కట్ట. ఒక్కొక్క తంతువు తలవెండ్రుక కంటె ఎన్నోరెట్లు సన్నము. పొడవు చూడబోయిన అబ్బురము కలుగును: వెన్నెముక ప్రక్కనున్న ఒక కణమునుండి బయలుదేఱి చిటికెనవ్రేలి కొస వఱకు, నడుమ అతుకన్నది లేకుండ, ఒకే తంతువు సాగిపోవును. దానికి పోషణ ఆ దూరపు కణమునుండియే రావలెను. తంతువు పొడవునను ష్వాన్ కణములు అను సహాయకణములు వరుసగా అంటుకొని యుండి, మైలిన్ అను క్రొవ్వుతొడుగును దానికి చుట్టుచుండును. ఇట్టి తంతువులను చిన్నకట్టలుగను, ఆ చిన్నకట్టలను పెద్దకట్టగను పొరలు కప్పియుండును.

1850లో లండనులో అగస్టస్ వాలర్ అను వైద్యుడు కప్ప నాలుకకు పోవు నరములను కోసి, అందలి మార్పులను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, రాయల్ సొసైటీకి తెలియజేసెను. కోతకు ఆవలి భాగము, అనగా కణమునుండి వేఱుపడిన భాగము, కొలదిదినములలో ముక్కముక్కలై నశించినది. కణముతో సంబంధము తెగనందున ఈవలి భాగము నిలిచియున్నది. కావున తెగిన నరపు రెండు కొసలను ఎంత నేర్పుగా కుట్టినను పాత తంతువు అతుకుకొనదు. ఆవలిది చచ్చితీరవలెను; ఈవలి కొసనుండి క్రొత్తది పెరిగి, మణికట్టునుండి వ్రేలికొస వఱకు దారి యంతయు మరల నడువవలెను.

ఇది వినుటకు నిరాశగా తోచును. కాని నశించునది తంతువు మాత్రమే. ష్వాన్ కణములు బ్రదికియే యుండును. అవి భక్షకకణముల తోడ్పాటుతో శిథిలములను ఊడ్చివేసి, తాము సంఖ్యలో పెరిగి, పాత పొరల గొట్టములలో బారులు తీరి నిలుచును. రాబోవువారికి దారి చూపుటకు దివిటీలు పట్టి నిలిచినట్లుండును ఆ బారు. 1891లో జర్మను శస్త్రవైద్యుడు బ్యుంగ్నర్ వర్ణించినందున వానికి ఆయన పేరే నిలిచినది. ఈవలి కొసనుండి మొలకలు బయలుదేఱును. ఈ మొలకల కొసలను మొట్టమొదట వర్ణించినవాడు, 1906లో నోబెల్ బహుమానము పొందిన స్పెయిను శాస్త్రజ్ఞుడు రామొన్ ఇ కహాల్. మన పెరటిలోని బీరపాదు నులితీగను చూచిన వారికి దీనిని వేఱుగ వర్ణింప నక్కఱలేదు. అదియు అట్లే ముందునకు చేయి చాచి, అటునిటు తడవి చూచి, పట్టు దొరకిన వైపునకు ప్రాకును. పట్టు దొరకినచో దినమునకు సుమారు 1 మిల్లీమీటరు నడచును. తక్కువే యని తలపకుడు. మన చేతిగోరు నెలకు పెరుగునది ఇంచుమించు 3 మిల్లీమీటర్లు మాత్రమే.

పట్టు దొరకనిచో? పందిరి లేని పాదు నేలమీద తనలో తానే చుట్టుకొన్నట్లు, మొలకలన్నియు ఒకదాని నొకటి పెనవేసికొని, మచ్చలోని పీచులో చిక్కుపడి, ఉండకట్టును. ఆ ఉండపై చొక్కా అంచు తగిలినను ప్రాణము విలవిలలాడును. అనగా పెరుగు శక్తి నరమునకు పుట్టుకతోనే యున్నది. శస్త్రవైద్యుడు ఈయవలసినది పెరుగుదల కాదు, దారి. గడచిన నూటనలువది యేండ్లుగా ఈ రంగమున జరిగిన పనియంతయు ఆ దారి ఎట్లుండవలెను అను ఒక్క ప్రశ్న చుట్టును తిరుగుచున్నది.

తిరిగి వచ్చు నరమునందలి స్పర్శ ఎట్లుండునో తెలిసికొనుటకు తన చేతినే అప్పగించిన వైద్యుని కథ ఇచ్చట చెప్పక తప్పదు. లండనులో హెన్రీ హెడ్ అను వైద్యుడు రోగులను ప్రశ్నించి ప్రశ్నించి, వారి జవాబులతో తృప్తి చెందక, 1903 ఏప్రిల్‌లో తన ఎడమ ముంజేతి చర్మమునకు పోవు నరమును మోచేతి దగ్గఱ కోయించుకొనెను. శస్త్రవైద్యుడు నరమును ఖండించి, చిన్నముక్క తీసివేసి, కొసలను సన్నని పట్టుదారముతో కలిపెను. తరువాత నాలుగేండ్లకు పైగా హెడ్ తీరికదొరకినప్పుడెల్ల కేంబ్రిడ్జికి పోయి కన్నులు మూసికొని కూర్చుండెడివాడు. మిత్రుడు రివర్స్ ఆ చేతిపై దూదియు, సూదియు, వేడియు, చలియు ఆనించుచు, ఆయన చెప్పినది వ్రాసికొనెడివాడు. ఈ రివర్స్ దక్షిణదేశమునకు క్రొత్తవాడు కాడు. అంతకు కొంచెము ముందే నీలగిరులలో తోడజాతివారి నడుమ పరిశోధన చేసి, 1906లో వారిని గూర్చి పెద్ద గ్రంథము వెలువరించినవాడు.

మొదట తిరిగి వచ్చినది మోటు స్పర్శ. సూది గ్రుచ్చినచో బాధ మిక్కుటముగా తోచును, కాని ఎచ్చట గ్రుచ్చినదియు సరిగా తెలియదు. తేలికగా తాకిన తెలియుట, తాకిన చోటు గుర్తించుట అనునవి చాల ఆలస్యముగా వచ్చినవి. 1908లో వారు ప్రకటించిన సిద్ధాంతమును తరువాతివారు చాలవఱకు ఒప్పుకొనలేదు. కాని ఆ నాలుగేండ్ల ఓపిక నన్ను ఇప్పటికిని ఆశ్చర్యపఱచుచునే యున్నది.

ఇక దారి సంగతి. గాజుపెంకుతోనో కొడవలితోనో శుభ్రముగా తెగి, వెంటనే వైద్యుని చేరినచో, రెండు కొసలను సూక్ష్మదర్శిని క్రింద వెండ్రుక కంటె సన్నని దారముతో కుట్టుదురు. అంతకు మించిన దారి లేదు. యంత్రములో నలిగినప్పుడు గాని, తుపాకి దెబ్బకు గాని, మా మేనల్లునికివలె ఆలస్యమైనప్పుడు గాని, నడుమ కొంత నరము పనికిరాకపోవును. దానిని కోసివేయగా ఖాళీ ఏర్పడును. పూర్వము కొసలను బలవంతముగా లాగి కుట్టెడివారు. కొసలు చేరుటకై కీలును ముడిచి, కట్టుకట్టి, వారములకొలది ఉంచెడివారు. లాగి కుట్టిన నరమునకు రక్తము సరిగా అందదు. కుట్టిన చోట మచ్చ బలియును. 1972లో వియన్నా నగరపు శస్త్రవైద్యుడు మిల్లెసీ తన అనుభవమును ప్రకటించిన పిమ్మట, లాగుటకంటె నడుమ వేఱొక నరపు ముక్కను వదులుగా అతుకుటయే మేలని స్థిరపడినది.

ఆ ముక్క ఎచ్చటినుండి వచ్చును? రోగి శరీరమునుండియే. కాలి పిక్క వెనుకభాగమున పాదపు వెలుపలి అంచునకు స్పర్శనిచ్చు నరమొకటి కలదు. దానిని తీసినను నడకకు లోటురాదు. నేటికిని ఖాళీ పెద్దదైనప్పుడు వైద్యులు నమ్ముకొనునది దీనినే. కారణము తేటతెల్లము: ఆ ముక్కలో పాత పొరలున్నవి, ష్వాన్ కణములున్నవి, బారులు తీరుటకు అంతయు సిద్ధము. కాని ఒక చేతికొఱకు ఒక కాలిని కోయవలసివచ్చినది. పాదపు అంచున స్పర్శ పోయినది. ఇద్దఱు ముగ్గురు రోగులకు సరిపడు నరము ఎవ్వరి కాలిలోను ఉండదు. ఈ వెలను చెల్లింపకుండ కార్యము సాధింపవలెనను తలంపుతోనే గొట్టములు పుట్టినవి.

తలంపు పాతదే. 1880 ప్రాంతమున గ్లుక్ అను జర్మను శస్త్రవైద్యుడు సున్నపుపదార్థము తీసివేసిన ఎముక గొట్టమును తెగిన కొసల నడుమ ఉంచి చూచెను, ఫలింపలేదు. 1882లో బెల్జియము దేశపు వాన్‌లేర్ అట్టి గొట్టముతోనే కుక్క తొడనరమునందలి 3 సెంటీమీటర్ల ఖాళీని నరము దాటినట్లు కనుగొనెను. బ్యుంగ్నర్ రక్తనాళపు ముక్కను తొడిగి చూచెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున టాంటలమ్ అను లోహపు రేకును సయితము చుట్టిరి. ఇన్ని చేసినను, గొట్టములో జరుగుచున్నదేమో కన్నులార చూచినవారు లేరు. అది తెలిసినది సిలికోన్ గొట్టములు వచ్చిన తరువాత.

1980 తరువాతి యేండ్లలో స్వీడను దేశపు చేతి శస్త్రవైద్యుడు గొరాన్ లుండ్‌బోర్గ్ తన సహచరులతో కూడి ఎలుక తొడనరమును కోసి, రెండు కొసలను 10 మిల్లీమీటర్ల ఎడమున ఒక సిలికోన్ గొట్టములో కుట్టి, కొలదిదినముల కొకమాఱు తెఱచి చూచెను. ఆ నాటకము మిక్కిలి వింతయైనది. ఒక్క దినములో గొట్టము ఒకవిధమైన ద్రవముతో నిండును. తెగిన కొసలనుండి ఊరినదే అది. దానిలో నరమును బ్రదికించు పదార్థములును, గాయముపై నెత్తురు గడ్డకట్టుటకు ఆధారమైన ఫైబ్రిన్ అను మాంసకృత్తును ఉండును. వారము తిరుగునప్పటికి ఆ ఫైబ్రిన్ పోగులు ఒక కొసనుండి మఱియొక కొసకు త్రాడువలె సాగును. ఎవ్వరును పేనలేదు, ఎవ్వరును కట్టలేదు! ఆ త్రాటిపై రెండువైపులనుండియు ష్వాన్ కణములు, రక్తనాళముల మొలకలు ప్రాకుచు వచ్చి నడుమ కలిసికొనును. వాని వెనుకనే నరపు మొలకలు. వాని వెనుక మైలిన్. నెల తిరుగునప్పటికి వట్టి గొట్టములో సన్నని నరమొకటి కానవచ్చును.

అనగా గొట్టము నరమును కట్టలేదు. చుట్టుప్రక్కల కండనుండి మచ్చపీచు లోనికి జొఱబడకుండ ఆపినది, ఊరిన ద్రవము పోకుండ పట్టినది, అంతే. త్రాడు వేసికొన్నది శరీరమే. అదే గొట్టమును 15 మిల్లీమీటర్లకు పెంచి చూచినప్పుడు నరము సాధారణముగా దాటలేదు. దూరము పెరిగిన కొలది ఫైబ్రిన్ త్రాడు నడుమ సన్నబడును, తుదకు నిలువదు. త్రాడు లేనిచో కణములు రావు. కణములు రానిచో మొలకలు రావు. మనుష్యుని విషయమున ఈ హద్దు సుమారు 3 సెంటీమీటర్లని గ్రంథములలో వ్రాయుదురు. అనుభవజ్ఞులు పలువురు వ్రేళ్లలోని సన్నని స్పర్శనరములకు దానిని వినియోగించి, లావుపాటి నరముల కడ ఇంకను తక్కువ దూరముననే ఆగిపోవుదురు. వట్టి గొట్టముతో ఎంత ఖాళీనైనను నింపవచ్చునని ఎవరైన చెప్పినచో నమ్మరాదు.

సిలికోన్‌కు మఱియొక దోషము కలదు: అది కరగదు. నరము పెరిగిన తరువాత గొట్టము అక్కడనే యుండి, కొందఱిలో ఒరిపిడికి కారణమై, మరల కోసి తీయవలసివచ్చినది. గోడ లేచిన పిమ్మట సారువను విప్పివేయు మేస్త్రీ పద్ధతి ఇచ్చట కావలసివచ్చెను. కాని విప్పుటకు మరల కోతపెట్టరాదు. సారువ తనంత తానే పోవలెను.

అట్టి పదార్థములు వైద్యుల చేతిలో లేకపోలేదు. పాలీగ్లైకాలిక్ ఆమ్లముతో చేసిన కుట్టుదారము ఒంటిలోనే కరగిపోవును. దానినే అల్లి గొట్టముగా చేసిరి. 1990లో మాకినన్, డెల్లన్ అను ఇద్దఱు శస్త్రవైద్యులు వ్రేళ్ల నరములలో దీనిని వాడిన ఫలితములను ప్రకటించిరి. 2000లో వెలువడిన ఒక పోలికపరీక్షలో, వ్రేళ్ల నరములకు ఇది మామూలు పద్ధతికి తీసిపోలేదని తేలినది. ఆ పిమ్మట పశువుల స్నాయువులనుండి తీసిన కొలాజెన్ గొట్టములు వచ్చినవి. మన చర్మమునకు, ఎముకకు బిగువునిచ్చునది కొలాజెనే కనుక శరీరము దానిని పరాయిదిగా చూడదు. నెమ్మదిగా కొఱికి తినివేయును. పీతల, రొయ్యల పెంకులనుండి తీయు కైటోసాన్‌తో చేసిన గొట్టములును వాడుకలోనికి వచ్చినవి. మన కోస్తా జిల్లాలలో రొయ్యలు వలిచిన చోట గుట్టలుగా పడియుండు పెంకులను చూచినప్పుడెల్ల నాకు ఈ సంగతి జ్ఞప్తికి వచ్చును.

పదార్థము ఏదైనను గుణములు కుదురవలెను. మఱీ త్వరగా కరగినచో మొలకలు దాటకమునుపే మచ్చ మూసివేయును. మఱీ ఆలస్యమైనచో సిలికోన్ గతియే. గోడ కీళ్లకడ వంగినను నలగిపోరాదు. పోషకద్రవములు దానిగుండ సాగవలెను, పీచుకణములు సాగరాదు. కరగుచున్నప్పుడు వెలువడు ఆమ్లము చుట్టుప్రక్కల కండను కాల్చరాదు. ఇన్ని కుదిరినను గొట్టము లోపలి భాగము వట్టిదే కదా! అందుచేత ఇప్పటి పరిశోధన గోడనుండి లోపలికి మరలినది. త్రాడు నడుమ తెగకుండ మనమే త్రాళ్లు వేసి యిచ్చినచో?

ఈ ప్రశ్నకు ఒక జవాబు సాలెపురుగు ఇచ్చినది. 2011లో జర్మనీలోని హానోవర్ వైద్యులు, కణములు తొలగించిన సిరగొట్టములో పెద్దసాలెపురుగు పట్టుపోగులను నిలువుగా పఱచి, గొఱ్ఱె కాలినరమునందలి 6 సెంటీమీటర్ల ఖాళీలో అతికిరి. పది నెలలకు నరము ఆ ఖాళీని దాటినది. ఫలితము స్వంత నరపు ముక్కతో అతికినప్పటి ఫలితమునకు దీటుగా నుండెను. ష్వాన్ కణములు ఆ పోగులను పట్టుకొని ప్రాకినవి. మన పట్టుపురుగు పోగునుండి తీయు ఫైబ్రాయిన్‌తోను ఇట్టి యత్నములు జరుగుచున్నవి. మఱికొందఱు గొట్టములో కొలాజెన్ పోగులు నింపుదురు. కొందఱు నరమును పెంచు మాంసకృత్తులను చేర్చి చూతురు. వీనిలో మొదటిదానిని కనుగొన్న రీటా లెవీ-మోంతాల్చినీ, స్టాన్లీ కోహెన్ 1986లో నోబెల్ బహుమానము పొందిరి. మఱియొక మార్గము: మరణించినవారు దానము చేసిన నరమును కడిగి, కణములన్నిటిని తీసివేసి, పొరల గొట్టములను మాత్రము చెదరకుండ నిలుపుట. ఇల్లు ఉండును, కాపురస్థులు ఉండరు. కావున తీసికొన్నవాని ఒడలు దానితో పోరాడదు. అమెరికాలో ఇది పెక్కుచోట్ల వాడుకలో నున్నది.

వెన్నుపాము జోలికి ఒక్కమాఱు పోవుదునంటిని. మెదడు, వెన్నుపాములలోని తంతువులు తెగినచో మరల పెరగవని ప్రసిద్ధి. 1981లో కెనడా దేశపు మాంట్రియాల్ నగరమున డేవిడ్, అగ్వాయో అను ఇద్దఱు ఎలుక కాలినరపు ముక్కను తీసి, ఒక కొసను మెదడు మూలమునను, మఱియొక కొసను వెన్నుపామునను నాటిరి. ఎన్నడు పెరగవనుకొన్న ఆ తంతువులు కాలినరపు ముక్కలో ప్రవేశించి సెంటీమీటర్ల దూరము సాగినవి! ముక్క దాటి వెన్నుపాములో అడుగుపెట్టగనే ఆగిపోయినవి. బాటసారిలో లోపము లేదు, లోపము బాటలోనిది. గొట్టములపై పనిచేయువారికి ఇంతకంటె ధైర్యమునిచ్చిన ప్రయోగము లేదని నా యభిప్రాయము.

అయినను దారి వేయుటతో పని ముగియదు, గడియారమును చూడవలెను. నరపు ఆజ్ఞ అందని కండ నానాటికి చిక్కిపోవును. సంవత్సరము, సంవత్సరమున్నర దాటినచో, తరువాత నరము వచ్చి చేరినను, ఆ కండ మునుపటివలె లేవజాలదు. దినమునకు 1 మిల్లీమీటరు లెక్కన, మణికట్టుకడ తెగిన నరము అరచేతి కండలను నాలుగైదు నెలలలో చేరగలదు. చంక దగ్గఱ తెగినచో 60 సెంటీమీటర్లకు పైగా నడువవలెను, రెండేండ్లు పట్టును. అప్పటికి అచ్చట ఎదురుచూచు కండ యుండదు. అట్టివారికి గొట్టము పనికిరాదు; పనిచేయుచున్న వేఱొక కండ స్నాయువును త్రిప్పి అతుకవలెను. కుష్ఠువ్యాధిలో సూక్ష్మజీవి ష్వాన్ కణములలోనే కాపురముండి నరమును చెఱచుటచేత చేతివ్రేళ్లు కొంకరపోవును. అట్టి చేతులను స్నాయువులు మార్చి తెఱపించుటను వెల్లూరులో డాక్టరు పాల్ బ్రాండ్ 1940 తరువాతి దశాబ్దపు చివరలో ప్రారంభించి, లోకమునకు చూపెను.

ఇంటిలో తెలిసియుండవలసిన ముక్కలు రెండు మూడు కలవు. మణికట్టు, అరచేయి, వ్రేళ్లు, మోకాలి వెనుక భాగము — ఇచ్చట గాజు గాని కత్తి గాని దిగినప్పుడు, గాయము చిన్నదైనను, కుట్లు వేయకమునుపే గాయమునకు ఆవల దూదితో తాకి, కన్నులు మూయించి అడుగవలెను. రెండవ చేతితో పోల్చి చూడవలెను. తెలియకున్నను, వ్రేళ్లు ఎడముగా చాపలేకున్నను, ఆ మాట వైద్యునితో గట్టిగా చెప్పవలెను. వెంటనే కుట్టిన నరమునకు గొట్టముతోను, అతుకుతోను పనియుండదు. చిన్నపిల్లలు అడిగినదానికి సరిగా చెప్పరు. వారికి ఒక ఉపాయము కలదు. గాయము మానిన పిమ్మట చేతిని గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టినచో మామూలు వ్రేలికొసలు ముడుతలు పడును. నరము తెగిన వ్రేలు నున్నగనే యుండును. 1973లో ఓరియన్ అను వైద్యుడు దీనిని నరపరీక్షగా సూచించెను. చెమట కూడ అట్టి వ్రేలికి పట్టదు.

మా మేనల్లుని వ్రేలు నున్నగనే యుండెను. వేఱొక పట్టణమున చేతి శస్త్రవైద్యులొకరు గాయము తెఱచి, కొసలనున్న మచ్చను కోసివేయగా, ఖాళీ రెండు సెంటీమీటర్లు దాటినది. గొట్టము వేయరాదా యని నేను ఏదో చదివినవానివలె అడిగితిని. “వ్రేలిలోని సన్ననరమైనచో ఆలోచింతును. ఇది కండలకును, స్పర్శకును పోవు నరము, ఖాళీయును పెద్దది. ఉన్నవానిలో నమ్మకమైనది వాని కాలిలోనే యున్నది” అని ఆయన జవాబు.

1915లో, యుద్ధమున ఎదురెదురు పక్షములలో నుండిన ఫ్రెంచి వైద్యుడు టినెల్, జర్మను వైద్యుడు హాఫ్‌మన్ ఒకరి మాట యొకరికి తెలియకయే ఒకే గుర్తును కనుగొనిరి: పెరుగుచున్న నరపు కొసపై వ్రేలితో తట్టినచో జివ్వుమనును. మా చెల్లెలు నెలకొకమాఱు మణికట్టునుండి క్రిందికి తట్టుచు పోయి, వాడు “ఇచ్చట” అన్నచోట సిరాతో చుక్క పెట్టెడిది. కొలచి క్యాలెండరుపై వ్రాసెడిది. మొదటి రెండు నెలలు చుక్క అతుకుకడనే నిలిచినది. తరువాత కదలినది, నెలకు రెండున్నర, మూడు సెంటీమీటర్లు. ఎనిమిదవ నెలలో చిటికెనవ్రేలి కొస చేరినది. స్పర్శ మొదట తప్పుగా తెలిసెడిది; చిటికెనవ్రేలు తాకిన ఉంగరపువ్రేలనెడివాడు. తిరిగి వచ్చిన తంతువులు పాత ఇండ్లకే చేరవు. ఏ తంతువు ఎచ్చట చేరినదో మెదడు మరల నేర్చుకొనవలెను. పిల్లల మెదడు ఆ పనిని పెద్దలకంటె చక్కగా చేయును. కన్నులు మూసికొని గింజలను, గుండీలను, నాణెములను తడవి చెప్పు ఆట ఒక సంవత్సరము ఆడించిరి.

ఇప్పుడు వాడు ఆ చేతితోనే వ్రాయును, బండి నడుపును. కుడికాలి పిక్క వెనుక గీతవలె మచ్చ యున్నది. పాదపు వెలుపలి అంచును చెప్పు ఒఱసికొని పుండైనను, చూచుకొన్నదాక వానికి తెలియదు.